నాన్న దాచుకున్న క్యాసెట్

టేపులో మొదట వినిపించేది కుర్చీలు జరుపుతున్న చప్పుడు. తర్వాత ఎవరో పిల్లాడు రెండుసార్లు దగ్గుతాడు. ఆ పిల్లాణ్ణి నేనే. అది 1986. నాకు పదకొండేళ్ళు. గురువుగారు మాట్లాడటం మొదలుపెట్టగానే రికార్డు బటన్, ప్లే బటన్ రెండూ కలిపి నొక్కాలి. ఆ రోజు నాన్న నాకు అప్పజెప్పిన పని అదొక్కటే. నేను ఆత్రం ఆపుకోలేక, హాల్లో కూర్చోగానే నొక్కేశాను. గురువుగారు రావడానికి అప్పటికింకా పావుగంట ఉంది. 90 నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు 45 నిమిషాలే వస్తుంది. అసలు మాటల మధ్యలో బటన్ టక్కుమని పైకి లేచింది. కంగారుగా తిప్పి పెట్టేసరికి నాలుగైదు వాక్యాలు పోయాయి. ఇంటికొచ్చాక నాన్న బాగా కోప్పడ్డారు. "దేవుడి మాటలు పోగొట్టావు కదరా" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు భయపెట్టింది. దేవుడికి నా మీద కోపం వచ్చిందేమోనని రాత్రిళ్ళు దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకునేవాణ్ణి.

ఆ క్యాసెట్‌ని నాన్న చివరిదాకా దాచుకున్నారు. అట్ట మీద నీలం ఇంకుతో తేదీ, దాని కింద "మన ఇంటికి వచ్చిన మాట", ఇంకా కింద చిన్న అక్షరాలతో "148 నుంచి" అని రాసి ఉంటుంది. ఆ 148 ఏమిటో పాత టేప్ రికార్డర్లు వాడినవాళ్ళకి తెలుస్తుంది. మూత పక్కన మూడంకెల చిన్న మీటరు ఉండేది. టేపు తిరుగుతుంటే అంకెలు తిరిగేవి. నేను ముందే నొక్కేయడంతో మొదటి పావుగంటా జనం గోల. అందుకని నాన్న ఎప్పుడు విన్నా 148 దాకా ముందుకి తిప్పేసి, అక్కణ్ణించే వినేవారు. ఆ ముందున్న పావుగంటని ఆయన ఒక్కసారి కూడా వినలేదు. మేమూ వినలేదు.

ఈ మధ్య మా అబ్బాయి దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఫోన్‌లో 148 ఎక్కడుందో తెలియదు కదా. అందుకని మొదటి నుంచీ విన్నాను. విన్నాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇదంతా రాయాలనిపించింది అందుకే.

ఏ మతమో ఇక్కడ రాయడం లేదు. దాచుకోవాలని కాదు. ఒక మతం పేరు రాస్తే మిగతావాళ్ళు "మా దగ్గర ఇలా ఉండదు" అని పక్కకి తప్పుకుంటారు. "దేవుడు నాతో చెప్పాడు" అనే మాట వినపడని మతం నాకైతే ఇంతవరకూ కనపడలేదు.

ఆ హాలంటే మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే. అది అబద్ధం చెప్పలేను. వారానికోసారి సాయంత్రం అందరం కలిసేవాళ్ళం. అందరూ కలిసి పాడుతుంటే కిటికీ అద్దాలు సన్నగా అదిరేవి. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ఆ రాత్రికే పదిమంది గుమ్మంలో ఉండేవారు. నాకు జ్వరం వచ్చి తగ్గనప్పుడు గురువుగారే స్వయంగా వచ్చి, తెల్లవారేదాకా నా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి నా నుదుటి మీదే ఉంది. ఆయనకి డబ్బు యావ లేదు. చొక్కా కాలరు చిరిగితే తిప్పి కుట్టించుకుని తొడుక్కునేవారు. అక్కడికి వచ్చే పిల్లలందరి పేర్లూ ఆయనకి నోటికి వచ్చు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సంగతులు రాయగానే చదివేవాళ్ళ మనసులో ఒక దొంగ స్వామి బొమ్మ తయారవుతుంది. ఆయన అలాంటివారు కాదు. అలాంటివారై ఉంటే మాకింత కష్టమే లేదు.

ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగేవారు. కళ్ళు మూసుకునేవారు. కుడిచేతి చూపుడువేలు మైకు స్టాండు మీద మెల్లగా తట్టేది. టక్, టక్, టక్. స్పీకర్లలోంచి ఆ చప్పుడు హాలంతా వినిపించేది. ఆ కాసేపూ ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీసుకునేవారు కాదు. తర్వాత వేలు ఆగేది. గొంతు మారేది. "ఇప్పుడే చెబుతున్నాడు" అనేవారు. ఆ తర్వాత వచ్చేది ఆయన మాట కాదు. అలా అని ఎవరూ మాకు విడమర్చి చెప్పలేదు, అందరికీ తెలుసంతే.

ఆ రోజు ఏం జరిగిందంటే, అక్కకి పైచదువుకి దూరంగా ఉన్న కాలేజీలో సీటు వచ్చింది. అక్కకి పదిహేడేళ్ళు. లెక్కలంటే ప్రాణం. సీటు వచ్చిందని తెలిసిన రోజు ఆ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగింది. అందరికీ ఒకసారి చదివి వినిపించి, వినడానికి ఇంకెవరూ మిగలక నాకు మళ్ళీ చదివి వినిపించింది. నాన్నకి పంపాలనే ఉంది. ఖర్చులు లెక్కేసుకుంటున్నారు, అక్కడ తెలిసినవాళ్ళ ఇళ్ళున్నాయేమో ఆలోచించుకుంటున్నారు. అమ్మ మాత్రం ఏమీ మాట్లాడేది కాదు. హాలుకి వెళ్ళింది అలాంటి వారంలోనే.

టేపులో ఇరవయ్యో నిమిషం దగ్గర వేలి చప్పుడు వినిపిస్తుంది. టక్, టక్. ఆగింది. "ఈ హాల్లో ఒక తల్లి ఉంది" అంటారు గురువుగారు. "పెద్దకూతురు దూరమైపోతుందని లోలోపల కుమిలిపోతోంది. నోరు విప్పి చెప్పుకోలేకపోతోంది. అమ్మా, దేవుడు నీ కన్నీళ్ళు చూశాడు. ఆ బిడ్డని నీ దగ్గరే ఉంచమంటున్నాడు. ఆ దారి తన దారి కాదంటున్నాడు. ఏడాది తిరక్కుండా ఇంతకంటే మంచి దారి చూపిస్తానంటున్నాడు." ఆ వెంటనే ఒక ఆడమనిషి ఏడుపు. అది అమ్మ గొంతు. హాలంతా ఏవో అరుపులు, చప్పట్లు. అక్క నా పక్కనే కూర్చుని ఉంది. తను ఏమీ అనలేదు. మెడ వంచుకుని చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. అది టేపులో లేదు, నాకు గుర్తుంది.

మర్నాడే నాన్న కాలేజీకి రాలేమని ఉత్తరం రాసేశారు.

తర్వాత ఎన్నేళ్ళయినా, ఎవరు వచ్చినా నాన్న ఆ రోజు సంగతి చెప్పేవారు. "మేం ఎవరికీ నోరు విప్పి చెప్పలేదండీ. సీటు సంగతే బయట ఎవరికీ తెలీదు. మా ఆవిడ మనసులో ఉన్నది నాక్కూడా తెలీదు. ఆయనకెలా తెలిసింది చెప్పండి?" చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు తడయ్యేవి. ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు లేకపోవడమే మా ఇంట్లో విశ్వాసానికి పునాది అయింది.

ఇప్పుడు విన్న ఆ పావుగంటలో జవాబు ఉంది. నాలుగో నిమిషం. హాల్లో సేవ చేసే ఒకావిడ అమ్మ దగ్గరికి వస్తుంది. చాలా మెత్తగా, ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది. "ఏంటమ్మా, మొహం అలా ఉంది? ఒంట్లో బాగోలేదా?" అమ్మ ముందు ఏం లేదంటుంది. ఆవిడ మళ్ళీ అడుగుతుంది. అప్పుడు అమ్మ చెబుతుంది. పెద్దమ్మాయికి సీటు వచ్చిందనీ, ఆయన పంపించేస్తారనీ, పిల్ల లేకపోతే ఇంట్లో తను ఉండలేననీ. "ఆయనకి చెప్పలేకపోతున్నాను" అంటుంది. "ఊరుకో అమ్మా, అంతా ఆయనే చూసుకుంటాడు" అని ఆవిడ వెళ్ళిపోతుంది. నాన్న అప్పటికి బయట చెప్పుల దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నారు.

అంతే. పదహారు నిమిషాల తర్వాత ఆ మాటలే దేవుడి నోటి నుంచి తిరిగొచ్చాయి.

నేను కాలేజీలో ఉన్నప్పుడు లైబ్రరీలో ఒక పాత పత్రిక తిరగేస్తుంటే పీటర్ పొపాఫ్ అనే అమెరికన్ బోధకుడి గురించి చదివాను. జబ్బుతో వచ్చినవాళ్ళని పేరు పెట్టి పిలిచి, వాళ్ళ ఇంటి అడ్రసు, రోగం పేరు అన్నీ దేవుడే తనకి చెబుతున్నాడన్నట్టు చెప్పేవాడు. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు, తన మనుషులతో కలిసి రేడియో స్కానరు పట్టుకుని ఆ సభకి వెళ్ళాడు. 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఆడగొంతు దొరికింది. అది పొపాఫ్ భార్యది. సభకి ముందు జనం నింపి ఇచ్చిన కార్డుల్లోని వివరాలు ఆమె తెర వెనక నుంచి చదువుతుంటే, అతని చెవిలో పెట్టుకున్న చిన్న యంత్రంలో వినిపిస్తున్నాయి. 1986లో రాండీ ఆ టేపుని టీవీలో అందరికీ వినిపించాడు. మరుసటి ఏడాది పొపాఫ్ దివాలా ప్రకటించాడు. కొన్నేళ్ళకి మళ్ళీ టీవీలో బోధించడం మొదలుపెట్టాడు, జనం మళ్ళీ వచ్చారు. ఆ వ్యాసం చదివిన రోజు, 1986 అన్న అంకె దగ్గర నా చూపు ఆగిపోయింది. మా హాల్లో నేను బటన్ నొక్కిన ఏడాది అదే. అయినా మా గురువుగారి చెవిలో యంత్రం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చెవిలో యంత్రం నిజంగానే లేదు. ఉన్నది ఒక మంచావిడ. ఆమె కూడా మోసం చేస్తున్నాననుకుని ఉండదు. ఫలానా అమ్మ బాధలో ఉంది, ఆవిడ కోసం ప్రార్థించండి అని గురువుగారికి చెప్పి ఉంటుంది. ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు ఆ మాట పైకి తేలి ఉంటుంది. తన లోపల వినపడ్డ మాట దేవుడిదేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మి ఉంటారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తాన్యా లుర్మన్ అనే మానవశాస్త్రవేత్త ఈ విషయం మీద చాలా ఏళ్ళు పని చేశారు. ప్రార్థన చేసేవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళతో కలిసి ప్రార్థిస్తూ గమనించారు. దేవుడి మాట వినడం అనేది వాళ్ళు సాధన చేసి నేర్చుకుంటారనీ, మనసులో వచ్చే ఆలోచనల్లో ఏది తనది, ఏది దేవుడిది అని వేరు చేయడం మెల్లమెల్లగా అలవాటవుతుందనీ ఆమె రాశారు. అది చదివాక గురువుగారి మీద నాకు కోపం తగ్గింది. ఆయన వేరు చేయడంలో పొరబడ్డారు. కానీ ఆ పొరపాటుకి ఖరీదు కట్టింది ఆయన కాదు, పదిహేడేళ్ళ పిల్ల. నా బాధంతా అక్కడే ఉంది.

ఆ రాత్రి ఇంట్లో ఒక్క మనిషే ఎదురు మాట్లాడింది. నాన్నమ్మ. మా ఇంట్లో అందరికంటే భక్తి ఎక్కువ ఆవిడకే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గోడకి ఆనుకుని కూర్చుని గంటసేపు దేవుడితో మాట్లాడేది. గొణుగుతున్నట్టు ఉండేది. కోపం వస్తే ఆయన్ని తిట్టేది కూడా. ఆ గొణుగుడు వింటూ మళ్ళీ నిద్రలోకి జారుకోవడం నా చిన్నతనంలో అన్నిటికంటే హాయైన జ్ఞాపకం.

ఆ రాత్రి నాన్నని పిలిచి, "ఒరేయ్, దేవుడికి పిల్ల సంగతి చెప్పాలనుంటే పిల్లకే చెప్పేవాడు కదరా. దానికేం, చెవుల్లేవా?" అంది.

"అమ్మా, అలా అనకూడదు. అది ఆయన మాట కాదు" అన్నారు నాన్న.

"ఎవరి మాటైతేనేం, నోరు ఆయనదేగా. నేను యాభై ఏళ్ళబట్టీ రోజూ పిలుస్తున్నాను. నాతో ఒక్కనాడూ ఒక్క ముక్క అనలేదే. నీ గురువుగారితో అంత గబగబా ఎట్లా మాట్లాడతాడు?"

నాన్న జవాబు చెప్పలేదు. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా" అంటూ నాన్నమ్మ లేచి, అక్క పడుకున్న గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తెల్లవారి అక్క కళ్ళు వాచి ఉన్నాయి, నాన్నమ్మ కళ్ళు కూడా.

మనిషి మనిషికి సలహా ఇస్తే వాదించొచ్చు. "మీకు తెలీదండీ, మా పిల్ల సంగతి వేరు" అనొచ్చు. డాక్టరు మాట నచ్చకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు. "దేవుడు చెప్పాడు" అన్నాక ఎవరితో వాదిస్తాం? నోరెత్తితే దేవుడికి ఎదురు తిరిగినట్టే. మా నాన్న మొండిమనిషి. ఆఫీసులో పై అధికారి మాట కూడా నచ్చకపోతే ఒప్పుకునేవారు కాదు. అలాంటి మనిషి ఒక్క వాక్యానికి తన లెక్కలన్నీ మడిచి పక్కన పెట్టేశారు.

అమెరికాలో ఒక మత గుంపుని నడిపిన జిమ్ జోన్స్ సంగతి నేను ఎన్నోసార్లు చదివాను. మొదట్లో ప్రవక్తనన్నాడు, పోనుపోను తనే దేవుణ్ణన్నాడు. అతని సభల్లో కూడా జనం గుట్టు అతనికి ముందే చేరేది. అనుచరులు కొందరు ఇళ్ళకి వెళ్ళి వివరాలు పోగుచేసుకొచ్చేవారు. చివరికి 1978 నవంబర్ 18న దక్షిణ అమెరికాలోని గయానా అడవిలో, అతని పేరు మీద కట్టుకున్న జోన్స్‌టౌన్‌లో విషం తాగమన్నాడు. ఆ ఊరూ, దగ్గర్లోని విమానాశ్రయమూ, రాజధాని కలిపి ఆ రోజు 918 మంది చనిపోయారు. వాళ్ళలో 300 మందికి పైగా పిల్లలు. మా ఇంటి సంగతికీ దానికీ పోలిక లేదని తెలుసు. కానీ అక్కడా ఒక టేపు దొరికింది. చివరి ఘడియల్లో రికార్డయినది, ముప్పావుగంట ఉంటుంది. అందులో క్రిస్టీన్ మిల్లర్ అనే ఒక్క స్త్రీ లేచి అడుగుతుంది, వేరే దారి లేదా అని. ఈ పసిపిల్లలకి బతికే హక్కు ఉంది కదా అంటుంది. ఆమె నోరు మూయించింది జోన్స్ కంటే ఎక్కువ చుట్టూ ఉన్న జనమే. అది చదివినప్పుడల్లా నాకు మా నాన్నమ్మ గుర్తొస్తుంది. మా హాల్లో లేచి అడిగుంటే ఆవిణ్ణీ అలాగే కూర్చోబెట్టి ఉండేవాళ్ళు. కూర్చోబెట్టినవాళ్ళలో నాన్నా ఉండేవారేమో. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేను ఉన్నాను.

ఈ చిక్కు కొత్తది కాదని పెద్దయ్యాక తెలిసింది. బైబిల్ పాత నిబంధనలో యిర్మీయా, హనన్యా అని ఇద్దరు ప్రవక్తలు ఒకే గుడిలో, ఒకే జనం ముందు ఎదురెదురుగా నిలబడతారు. ఇద్దరూ దేవుడే చెప్పాడంటారు. యిర్మీయా మెడ మీద చెక్క కాడి మోస్తూ, బబులోను రాజుకి లొంగక తప్పదంటాడు. హనన్యా రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందంటాడు, ఆ కాడిని లాగి విరగ్గొడతాడు. నన్ను ఆపేసింది యిర్మీయా మొదట అన్న మాట. నువ్వన్నట్టే జరగాలని నేనూ కోరుకుంటున్నాను అంటాడు. కాడి విరిగాక మారు మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. అప్పటికప్పుడు ఎదురు దేవుడి మాట పుట్టించలేదు. తర్వాత ఎప్పుడో మాట వచ్చాకే తిరిగి వస్తాడు. అదే పాత నిబంధనలో, ద్వితీయోపదేశకాండంలో ఇంకో మాట ఉంది. దేవుడి పేరు చెప్పి ఒకడు చెప్పింది జరగకపోతే అది దేవుడు చెప్పింది కాదు, వాడికి నువ్వు భయపడనక్కర్లేదని. పదకొండేళ్ళప్పుడు ఎవరైనా నాకు ఆ చివరి ముక్క చదివి వినిపించి ఉంటే దుప్పటి మొహం మీద నుంచి తీసి పడుకునేవాణ్ణి. బుద్ధుడు కూడా కాలాములు అనేవాళ్ళు వచ్చి అడిగితే, ఫలానా ఆయన మా గురువు కదా అని చెప్పి దేన్నీ ఒప్పుకోవద్దన్నాడు.

అలాగని దేవుడి గొంతు విన్నామన్న వాళ్ళందరినీ ఒకే గాటన కట్టలేను. ఫ్రాన్స్‌లో సైన్యం ముందు నడిచిన రైతుపిల్ల జోన్ ఆఫ్ ఆర్క్ కూడా గొంతులు వినిపిస్తున్నాయనే చెప్పింది. విచారణలో పెద్ద పెద్ద మతాధికారులు ఆమెని, దేవుడి కృప నీ మీద ఉందనుకుంటున్నావా అని అడిగారు. ఉందంటే గర్వం, లేదంటే నేరం ఒప్పుకున్నట్టు. లేకపోతే దేవుడు నాకు ఇవ్వాలి, ఉంటే నిలపాలి అన్నది ఆ పిల్ల. చదువు రాదు. 1431లో కాల్చేశారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఆ తీర్పు తప్పని 1456లో అదే మతం ఒప్పుకుంది, 1920లో సెయింట్‌గా ప్రకటించింది. ఆమెకి నిజంగా ఏం వినిపించిందో తేల్చడం నా వల్ల కాదు. కానీ తను విన్నానన్న మాట కోసం తనే మంటల్లో నిలబడింది. ఇంకొకరి పిల్లని నిలబెట్టలేదు. ఆ తేడా నాకు చాలా పెద్దది.

గురువుగారు చెప్పిన ఏడాది తిరిగింది. మంచి దారి ఏదీ రాలేదు. అక్క దగ్గర్లోనే దొరికిన చదువు చదివింది, ఇష్టం లేని సబ్జెక్టు. నాన్న ఆ సంగతి ఎత్తేవారు కాదు. అడిగితే "మన విశ్వాసం చాల్లేదు" అనేవారు. హాలుకి వెళ్ళడం మాత్రం ఎక్కువైంది. ఇది నాకు చాలా కాలం అర్థం కాలేదు. అమెరికాలో 1954 డిసెంబర్ 21న ప్రళయం వస్తుందని నమ్మిన ఒక చిన్న గుంపులోకి లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మనుషుల్ని పంపించాడు. ఆ రోజు ఏమీ జరగలేదు. నమ్మకం పోవాలి కదా. ఉద్యోగాలు వదిలేసుకుని, ఉన్నవన్నీ పంచేసి వచ్చినవాళ్ళు కొందరు అంతకుముందు కంటే ఎక్కువ గట్టిగా ప్రచారం మొదలుపెట్టారు. ఎంత పోగొట్టుకుంటే అంత గట్టిగా పట్టుకుంటాం. మా నాన్న పోగొట్టుకున్నది కూతురి సీటు. అది దేవుడి మాట కాదని ఒప్పుకుంటే, ఆ ఉత్తరం రాసిన చెయ్యి ఎవరిదో కూడా ఒప్పుకోవాలి. ఆయన వల్ల కాలేదు. ఇప్పుడు నేనూ తండ్రినే కాబట్టి అర్థమవుతోంది.

అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అని రేడియోలో బోధించే ఒక పెద్దాయన ఉండేవాడు. తన రేడియోలో 2011 మే 21న అంతిమ తీర్పు మొదలవుతుందని ప్రకటించాడు. అది దాటిపోతే అక్టోబర్ 21 అన్నాడు. అదీ దాటిపోయింది. న్యూయార్క్‌లో ఒక రిటైర్డ్ ఉద్యోగి తన పొదుపులోంచి 1,40,000 డాలర్లు ఆ సంగతి ప్రకటనలకే పెట్టేశాడు. మరుసటి ఏడాది మార్చిలో క్యాంపింగ్ తన శ్రోతలకి ఉత్తరం రాశాడు, తేదీ చెప్పడం తప్పు, పాపం అని. అప్పటికి ఆయన తొంభై ఏళ్ళ మనిషి. ఆ ఉత్తరం సంగతి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పోయిన డబ్బు తిరిగి రాదు, అది వేరే సంగతి. కానీ "నేను తప్పు చెప్పాను" అనే ఆ ఒక్క మాట కోసం మా నాన్న ఇరవై ఏళ్ళు ఎదురుచూశారని నాకు అప్పుడు తట్టింది. గురువుగారు ఆ మాట అనకుండానే పోయారు. అక్క విషయం ఆయనకి గుర్తుందో లేదో కూడా. ఆ రోజు అలాంటి మాటలు ఆరేడుగురికి చెప్పారు, టేపులో అవీ ఉన్నాయి. ఒకాయనని వ్యాపారం వదిలేయమన్నారు. ఒకావిణ్ణి కొడుకుతో మాట్లాడొద్దన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఏమైందో.

నాన్న పోయే ముందు ఏడాది ఒక మధ్యాహ్నం అక్క ఆయనకి గోళ్ళు తీస్తోంది. నేను పక్క గదిలో ఉన్నాను. ఉన్నట్టుండి నాన్న, "నేనే సరిగ్గా వినలేదేమోనే అమ్మా ఆ రోజు" అన్నారు. ఏ రోజో అక్క అడగలేదు. "పోన్లే నాన్నా" అంది. గోళ్ళు తీయడం మాత్రం ఆపలేదు. గురువుగారు పొరబడ్డారనీ అనలేదు, దేవుడు చెప్పలేదనీ అనలేదు. తప్పంతా తన చెవుల మీద వేసుకున్నారు. టేపులో ఆ నాలుగో నిమిషం నేను అప్పటికే విని ఉంటే ఆయనకి వినిపించేవాణ్ణా? చాలా ఆలోచించాను. వినిపించేవాణ్ణి కాదనుకుంటాను.

అమ్మకి తెలుసా అన్నది ఇంకో ప్రశ్న. పావుగంట కిందట తను చెప్పిన మాటే మైకులో వినపడితే గుర్తుపట్టలేదా? గుర్తుపట్టే ఏడ్చిందా? నాన్న ఎవరితోనైనా "మేం ఎవరికీ చెప్పలేదండీ" అంటున్నప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది నాకు బాగా గుర్తుంది. సిగ్గుపడి వెళ్తోందనుకునేవాణ్ణి. అమ్మ ఇప్పుడు లేదు.

అక్కకి వినిపించాలా వద్దా అని వారం రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి దాచడం తప్పనిపించి తీసుకెళ్ళాను. అక్కకి ఇప్పుడు యాభై ఏడు దాటాయి. సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఒక ఇయర్‌ఫోన్ తన చెవిలో, ఒకటి నా చెవిలో. నాలుగో నిమిషం వచ్చింది. అమ్మ గొంతు వినగానే అక్క నా మోచెయ్యి పట్టుకుంది. సేవ చేసే ఆవిడ మాటలు అయిపోయేదాకా వదల్లేదు. నేను ఆపబోతే వద్దంది. గురువుగారి వేలి చప్పుడు కూడా వింది. "ఈ హాల్లో ఒక తల్లి ఉంది" కూడా వింది. మొహంలో ఏమీ కనపడలేదు. ఏమన్నా అంటుందేమోనని చూస్తున్నాను.

"ఆయన మాటల వెనక ఏదో వినపడుతోంది రా. చూడు, గొణుగుతున్నట్టు" అంది.

వెనక్కి జరిపాను. నిజమే. నాకు ఇన్నిసార్లు విన్నా పట్టలేదు. ఆ రోజు టేప్ రికార్డర్ నాన్నమ్మ ఒళ్ళో ఉంది. నేను ఆవిడ పక్కన కూర్చుని బటన్ నొక్కాను. మైకులో గురువుగారు "దేవుడు అంటున్నాడు" అంటున్నంతసేపూ, రికార్డర్‌కి జానెడు దూరంలో నాన్నమ్మ తన పద్ధతిలో తను దేవుడితో మాట్లాడుకుంటూనే ఉంది. మాటలు విడివిడిగా తెలియడం లేదు. అక్క పేరు మాత్రం రెండుసార్లు స్పష్టంగా వచ్చింది.

"ఆయన గొంతు తగ్గించి నాన్నమ్మ గొంతు పెంచడానికి కుదురుతుందా?" అని అడిగింది అక్క.

"రెండూ ఒకదాంట్లోనే ఉన్నాయక్కా. కుదరదేమో. పిల్లాణ్ణి అడుగుతాను" అన్నాను.

"సరేలే, ఇంకోసారి పెట్టు" అంది.